ఊరికో చొక్కా, ఒకే జోడీ

బాస్కెట్‌బాల్ కన్నా పదకొండు నెలలు ముందు పుట్టిన ఆటగాడి కథ ఇది. 1891 జనవరి 28న న్యూయార్క్ నగరంలో బార్నీ సెడ్రాన్ పుట్టాడు. అదే ఏడాది డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికి బయట అడుగుపెట్టలేని కుర్రాళ్ళను ఆడించడానికి హాలుకు రెండు వైపులా పీచ్ పండ్ల బుట్టలు కొట్టించాడు. బంతి అందులో వేయమన్నాడు. అలా పిల్లవాడూ ఆటా ఇంచుమించు ఒకే ఈడున పెరిగారు. ఆటకు ఇంకా నియమాలు కుదురుకోలేదు, కుర్రాడికి ఇంకా ఎత్తు రాలేదు. ఆటకు తర్వాత నియమాలు కుదిరాయి. కుర్రాడికి మాత్రం ఎత్తు రానే లేదు. పెద్దయ్యాక కూడా 5 అడుగుల 4 అంగుళాల దగ్గరే ఆగిపోయాడు.

వాళ్ళ పేట మన్‌హట్టన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్. తూర్పు యూరప్ నుంచి ఓడలెక్కి వచ్చిన యూదు కుటుంబాలు ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టి, కుట్టుపనులూ చిల్లర వ్యాపారాలూ చేసుకుంటూ బతికే చోటు. పిల్లలు పరుగెత్తడానికి మైదానాలు లేవు. అందుకే ఈ కొత్త ఆట వాళ్ళకు వరమైంది. ఒక గది, ఒక బంతి, రెండు బుట్టలు ఉంటే చాలు. ఆ పేటలో యూనివర్సిటీ సెటిల్‌మెంట్ అనే సేవాసంస్థ ఉండేది. వలస కుటుంబాల పిల్లలకు చదువు, ఆటలు, స్నానానికి వేడినీళ్ళు అన్నీ అక్కడే. హ్యారీ బామ్ అనే శిక్షకుడు అక్కడి కుర్రాళ్ళను చేరదీసి జట్టు కట్టాడు. 'బిజీ ఇజ్జీస్' అని వాళ్ళకు పేరు పడింది. బామ్ వాళ్ళకు నేర్పింది బలం కాదు. బంతిని చేతిలో దాచుకోకుండా అందించడం, అందించాక నిలబడిపోకుండా కదలడం. పొట్టివాళ్ళకు పనికొచ్చే విద్య అదే.

ఆ కుర్రాళ్ళలో సెడ్రాన్ కన్నా ఏడాదిన్నర పెద్దవాడు ఒకడున్నాడు. పేరు మాక్స్ ఫ్రీడ్‌మాన్, అందరూ మార్టీ అనేవారు. అతనూ పెద్ద ఆజానుబాహువేం కాదు. సెడ్రాన్ బుట్టలో వేసేవాడు, ఫ్రీడ్‌మాన్ ఎదుటివాళ్ళను వేయనివ్వకుండా కాచేవాడు. ఒకడు ముందుకు ఉరికితే రెండోవాడు వెనక కాపలా. ఆ పేట గదిలో మొదలైన జోడీకి తర్వాత కాలంలో పత్రికలవాళ్ళు 'హెవెన్లీ ట్విన్స్' అని పేరు పెట్టారు. దివ్యమైన కవలలని వాళ్ళ భావం.

హైస్కూల్లో సెడ్రాన్‌ను జట్టులోకి తీసుకోలేదు. డెవిట్ క్లింటన్ హైస్కూలువాళ్ళు అతని ఎత్తు చూసి చాలదన్నారు. ఆ తర్వాత న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరాడు. ఫీజు లేకుండా చదువు చెప్పిన కాలేజీ అది. ఈస్ట్ సైడ్ పిల్లలకు పెద్ద చదువు అంటే అదే. అక్కడ వరసగా మూడేళ్ళు జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసింది ఈ పొట్టివాడే. 1911లో పట్టా చేతికొచ్చింది. ఆ పట్టాతో అతను ఏ బడిలోనో ఆఫీసులోనో కూర్చోవచ్చు. అతను మాత్రం బంతి పట్టుకుని రైలెక్కాడు.

ఆ రోజుల్లో డబ్బుకు బాస్కెట్‌బాల్ ఆడటం అంటే ఏమిటో ఇప్పటివాళ్ళు ఊహించడం కష్టం. అందుకే కాస్త ఆగి చెప్పాలి. న్యూజెర్సీలోని ట్రెంటన్ పట్టణంలో 1896లో ఒక జట్టు హాలు అద్దెకు తీసుకుని, టిక్కెట్లు అమ్మి, ఖర్చులు పోగా మిగిలింది పంచుకుంది. మనిషికి 15 డాలర్లు వచ్చాయనీ, ఇంకా మిగిలిన ఒక్క డాలరు కెప్టెన్‌కు ఇచ్చారనీ చెప్పుకుంటారు. డబ్బుకు ఆడిన మొదటి ఆటగా చాలామంది దాన్నే లెక్కిస్తారు. అక్కడి నుంచి న్యూయార్క్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్ చిన్న పట్టణాలన్నిటికీ ఈ పిచ్చి పాకింది. మిల్లుల ఊళ్ళు, బొగ్గుగనుల ఊళ్ళు, నదీతీరపు ఊళ్ళు. ఆయుధశాలల హాళ్ళలో, నాట్యశాలల్లో ఆడేవాళ్ళు. ఆట అయ్యాక అదే నేల మీద జనం నాట్యం చేసేవారు. నేల నున్నగా ఉండాలని నాట్యం కోసం రుద్దిన మైనం మీద ఆటగాళ్ళు జారిపడేవారు.

అనేక చోట్ల ఆటస్థలం చుట్టూ పంజరం ఉండేది. పది పన్నెండు అడుగుల ఎత్తున ఇనుపతీగల వలో, తాళ్ళ వలో. బంతి బయటికి పోదు, ఆట ఆగదు. బంతి కోసం ఒకర్నొకరు తీగల మీదికి నెట్టుకునేవారు. ఇంటికి వచ్చేసరికి మోచేతుల మీద, వీపు మీద వల అచ్చులు. తాళ్ళ వల అయితే ఒరుసుకుని చర్మం కాలినట్టు అయ్యేది. రెండు చేతులతో బంతి కొట్టుకుంటూ, ఆపి, మళ్ళీ కొట్టుకుంటూ వెళ్ళడం ఆనాటి వృత్తి ఆటలో చెల్లేది. కాబట్టి బలిష్ఠుడైనవాడు తల వంచి దున్నుకుంటూ వచ్చేవాడు. బుట్ట పడినప్పుడల్లా బంతిని మళ్ళీ నడిమధ్యకు తెచ్చి ఇద్దరి మధ్య పైకి ఎగరేసేవారు. అంటే బుట్ట వేసిన జట్టుకైనా, తిన్న జట్టుకైనా మళ్ళీ మొదటికే. ఒక్కో జట్టులో అయిదారుగురే మనుషులు. దెబ్బ తగిలినా ఆడాల్సిందే. 52 కిలోల సెడ్రాన్ ఆ పంజరంలోకి దిగి పదిహేనేళ్ళు బతికి బట్టకట్టాడంటే, అతనిది మొండి ధైర్యం ఒక్కటే అనుకోను. బంతి చేతిలో ఎక్కువసేపు ఉంచుకోకపోవడం అనే చిన్ననాటి పాఠం అతన్ని కాపాడింది. చేతిలో బంతి లేనివాణ్ణి ఎవరు నెడతారు?

ఇక జీతం సంగతి. సీజనుకింత అన్న మాటే లేదు. రాత్రికింత. ఏ ఊరి మేనేజరు ఎక్కువ పాడితే ఆ రాత్రికి ఆ ఊరి చొక్కా. సోమవారం ఒక లీగులో, బుధవారం ఇంకో లీగులో, శనివారం మూడోదాంట్లో. పెద్ద ఆట వస్తుందంటే మేనేజర్లు పక్క లీగుల మేటి ఆటగాళ్ళకు తంతి కొట్టేవారు. నిన్న ఎదురు నిలిచినవాడే ఇవాళ తోటివాడు. ఏ జట్టు చొక్కా ఎవరు తొడుక్కుంటారో ఆట మొదలయ్యే దాకా ఊళ్ళోవాళ్ళకే తెలియని రాత్రులున్నాయి. లీగులవాళ్ళు దీన్ని ఆపాలని కట్టుబాట్లు రాసుకున్నారు. ఒక లీగు కట్టుబాటును పక్క లీగు ఖాతరు చేయలేదు. ఒప్పందాలు కాగితం మీదే ఉండిపోయాయి.

సెడ్రాన్ ఈ సంతలోకి దిగాడు. హడ్సన్ నది ఒడ్డున న్యూబర్గ్ పట్టణంలో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి న్యూయార్క్ రాష్ట్ర లీగులో యుటికా జట్టు. 1914లో ఆ యుటికా జట్టు ప్రపంచ విజేతలమని చాటుకుంది. ఆ కాలంలో గట్టి జట్లన్నీ అలాగే చాటుకునేవి, కాకపోతే యుటికా మాటకు కొంత బలముంది. ఆ సీజన్లోనే కోహోస్ అనే ఊరి జట్టు మీద సెడ్రాన్ ఒక్క ఆటలో 17 సార్లు బంతిని బుట్టలో వేశాడు. ఆ లీగులో బుట్ట వెనక బోర్డు ఉండేది కాదు. ఇప్పటి పిల్లలు బోర్డుకు కొట్టి బంతిని లోపలికి మళ్ళిస్తారు. అప్పుడు గాలిలో వేలాడే ఇనుప రింగు తప్ప వెనక ఏమీ లేదు. కొంచెం ఎక్కువైతే బంతి అటు పోతుంది, కొంచెం తక్కువైతే ఇటు పడుతుంది. ఆ పదిహేడింటిలో ఎక్కువ భాగం 25, 30 అడుగుల దూరం నుంచి వేసినవే. ఒక జట్టు మొత్తం కలిసి ఆటకు అన్ని బుట్టలు వేయని రాత్రులు ఆనాడు ఎన్నో ఉండేవి.

మరుసటి ఏడాది పెన్సిల్వేనియాలోని కార్బన్‌డేల్. బొగ్గు గనుల ఊరు. నేలకింద రోజంతా పని చేసి పైకొచ్చిన కార్మికులు సాయంత్రం ఆటకు వచ్చేవారు. సెడ్రాన్, ఫ్రీడ్‌మాన్ ఇద్దరూ ఉన్న ఆ జట్టు వరసగా 35 ఆటలు గెలిచి ట్రై కౌంటీ లీగు విజేత అయింది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో జాస్పర్ జట్టు, ఆల్బనీ జట్టు, మధ్యలో ఇంకెన్నో ఊళ్ళు. అన్నీ చెప్పుకుంటూ పోతే ఈ కథ రైల్వే గైడు అవుతుంది. నేను చెప్పదలచింది ఊళ్ళ జాబితా కాదు.

ఆ జాబితాలో ఒక విషయం కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. యుటికాలో ఫ్రీడ్‌మాన్ ఉన్నాడు. కార్బన్‌డేల్‌లో ఉన్నాడు. ఆల్బనీలో ఉన్నాడు. ప్రతి చోటా కాదు, ప్రతి ఏడూ కాదు. కానీ మళ్ళీ మళ్ళీ ఇద్దరి దారులూ ఒకే ఊరికి చేరాయి. చేరినప్పుడల్లా ఆ ఊరి జట్టు ఎదుటివాళ్ళకు కొరకరాని కొయ్య అయింది. చుట్టూ ఉన్న ముగ్గురూ ఎవరైనా సరే, ఈ ఇద్దరి మధ్య లెక్క ముందే తెగిపోయి ఉండేది. మిగిలిన ముగ్గురికి నేర్పాల్సింది సగమే. ఆ సంతలో అందరికీ రోజూ కొత్త తోడు, కొత్త అయోమయం. వీళ్ళకు ఒక పాత తోడు ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం ఆ జోడీని కొంతకాలం విడదీసింది. ఫ్రీడ్‌మాన్ అమెరికా సైన్యంతో ఫ్రాన్స్ వెళ్ళాడు. అక్కడ సైనికుల చేత బాస్కెట్‌బాల్ ఆడించాడు. 1919లో పారిస్‌లో మిత్రదేశాల సైన్యాలు జరుపుకున్న క్రీడల్లో అమెరికా తరఫున ఆడినవాళ్ళలో అతనూ ఒకడు. తిరిగొచ్చాక ఇద్దరూ మళ్ళీ కలిశారు. ఆల్బనీలో గెలిచారు.

ఇప్పుడు కథ మలుపు తిరిగే చోటికి వచ్చాం. 1920, 21 సీజన్లో టెక్స్ రికార్డ్ అనే పెద్ద వ్యాపారి న్యూయార్క్ వర్ల్‌విండ్స్ అనే జట్టు కట్టాడు. ముష్టియుద్ధాల టిక్కెట్లు అమ్మి గడించిన మనిషి. డబ్బుకు వెనకాడలేదు. ఉన్నవాళ్ళలో మేటి ఆటగాళ్ళను ఏరి తెచ్చాడు. సెడ్రాన్, ఫ్రీడ్‌మాన్, వాళ్ళతో పాటు కుర్రవాడైన నాట్ హోల్మన్. ఎదురుగా ఒరిజినల్ సెల్టిక్స్. నగరం పడమటి పేటల కుర్రాళ్ళు మొదలుపెట్టిన జట్టు అది. యుద్ధం తర్వాత ఫ్యూరీ అన్నదమ్ములు దాన్ని పునరుద్ధరించారు. ఊరంతా ఎదురుచూసిన పోటీ. 1921 ఏప్రిల్‌లో రెండు జట్లూ తలపడ్డాయి. మొదటి ఆటకు పదివేల పైచిలుకు జనం వచ్చారు. అప్పటికి బాస్కెట్‌బాల్ ఆటకు అది విడ్డూరమైన సంఖ్య. మొదటి ఆట వర్ల్‌విండ్స్ సునాయాసంగా గెలిచింది. రెండోది సెల్టిక్స్ కొద్దిలో దక్కించుకుంది. తేల్చాల్సిన మూడో ఆట జరగనే లేదు.

ఆ మూడో ఆటను మైదానంలో కాక బయట ఆడినవాడు జిమ్ ఫ్యూరీ. ఓడినా గెలిచినా అతనికి అర్థమైనది ఒకటే: ఎదుటి జట్టులో ఉన్నవాళ్ళు ఈ రాత్రి వాళ్ళవాళ్ళు, రేపు ఎవరివాళ్ళో తెలియదు. అతను వర్ల్‌విండ్స్ నుంచి హోల్మన్‌ను, క్రిస్ లెనర్డ్‌ను తన వైపు తెచ్చుకున్నాడు. తెచ్చుకుని, అంతవరకు ఎవరూ నిలకడగా చేయని పని ఒకటి చేశాడు. తన ఆటగాళ్ళకు రాత్రి కూలి మాని, సీజను జీతం కట్టాడు. ఇంకో చొక్కా తొడగకూడదు, బదులుగా సీజనంతా జీతం ఉంటుంది. జానీ బెక్‌మన్, డచ్ డెహ్నర్ట్, పీట్ బ్యారీ, తర్వాత చేరిన పొడుగాటి జో లాప్‌చిక్. అదే అయిదారుగురు, అదే రైలు పెట్టె, అదే హోటల్ గది, అదే బంతి, రాత్రి తర్వాత రాత్రి.

ఏం జరిగింది? ఒకడు ఎటు తిరుగుతాడో రెండోవాడు చూడకుండానే బంతి విసిరే స్థాయికి వచ్చారు. బంతి ఇచ్చి పరుగెత్తి మళ్ళీ అందుకోవడం వాళ్ళకు ఊపిరి పీల్చినంత సులువైంది. డెహ్నర్ట్ బుట్టకు వీపు పెట్టి నిలబడి, చుట్టూ తిరిగే తోటివాళ్ళకు బంతి అందించే 'పివట్' ఆట వాళ్ళ చేతుల్లోనే రూపు దిద్దుకుంది. తర్వాతి తరాల ఆటకు అదొక పునాది అయింది. 1922, 23 సీజన్లో వాళ్ళు 205 ఆటలు ఆడి 193 గెలిచారని లెక్క చెబుతారు. ఏరి తెచ్చిన మేటి ఆటగాళ్ళు ఒక రాత్రికి గెలిపిస్తారు. కలిసి బతికిన ఆటగాళ్ళు ఆటనే మార్చేశారు.

అప్పటికి సెడ్రాన్ ముప్పై దాటాడు. క్లీవ్‌లాండ్‌లో పెద్ద బట్టల దుకాణం నడిపే మాక్స్ రోజెన్‌బ్లమ్ తన పేర ఒక జట్టు పెట్టి ఇద్దరినీ పిలిచాడు. సెడ్రాన్ ఆటగాడి జీవితం అక్కడే చివరికి వచ్చింది. ఫ్రీడ్‌మాన్ ఇంకొన్నేళ్ళు ఆ జట్టుకు నాయకుడుగా, శిక్షకుడుగా ఉన్నాడు. 1925లో జో కార్ అధ్యక్షతన అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది. ఒక ఆటగాడు ఒకే జట్టుకు రాసివ్వాలని నియమం పెట్టింది. పంజరాలు తీసేసింది. రెండు చేతుల దున్నుడు ఆపింది. బోర్డులు తప్పనిసరి చేసింది. ఆ లీగు మొదటి విజేత క్లీవ్‌లాండే.

తరవాత అదే లీగు ఒక పొరపాటు చేసింది. 1926లో చేరిన సెల్టిక్స్ వరసగా రెండు సార్లు విజేత అయ్యేసరికి మిగతా ఊళ్ళలో జనం రావడం మానేస్తారని భయపడి, 1928లో ఆ జట్టును విడగొట్టి ఆటగాళ్ళను పంచేసింది. లాప్‌చిక్, డెహ్నర్ట్, బ్యారీ ముగ్గురూ క్లీవ్‌లాండ్‌కే చేరారు. చేరగానే క్లీవ్‌లాండ్ 1929లో, 1930లో విజేత అయింది. జట్టును విడగొట్టారు గానీ, ఆ ముగ్గురి మధ్య ఏళ్ళ తరబడి పెరిగినదాన్ని విడగొట్టలేకపోయారు. ఆర్థికమాంద్యం దెబ్బకు 1931లో లీగు మూతపడింది.

సెడ్రాన్ ఆ తర్వాత చాలాకాలం శిక్షకుడుగా పనిచేశాడు. అతని జట్లలో డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ జట్టు ఒకటి. తనకన్నా అడుగు పొడుగైనవాళ్ళకు కూడా బంతి చేతిలో ఉంచుకోవద్దనే నేర్పి ఉంటాడని నా నమ్మకం.

నీతి: పనితనాన్ని రోజుకింత అని అమ్ముకోక తప్పనివాడు కూడా తన తోడును మాత్రం వదులుకోకూడదు. పనివాళ్ళను కలిపి ఉంచే స్థోమత ఉండీ రోజుకూలికే పిలిచేవాడికి మనుషులు దొరుకుతారు, జట్టు దొరకదు.

ఈ నీతిని కొంత వివరించాలి. తొందరగా చదివితే ఇది ఊరూరా తిరిగినవాణ్ణి తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. అలా అనుకుంటే సెడ్రాన్‌కు అన్యాయం చేసినట్టే. అతను రాత్రికో ఊరు మారింది నిలకడ లేక కాదు. నిలిపేవాడు లేక. కాలు విరిగితే మందుల ఖర్చు ఎవరిది? జట్టు దివాలా తీస్తే రావాల్సిన డబ్బు ఎవరిస్తారు? వేసవిలో ఆటలు లేనప్పుడు ఇల్లెలా గడుస్తుంది? ఆ ప్రశ్నలకు జవాబివ్వని మేనేజర్లు ఆటగాడి దగ్గర విశ్వాసం కోరే హక్కు పోగొట్టుకున్నారు. విశ్వాసం కావాలంటే ముందు సీజను జీతం కట్టాలని ఫ్యూరీకి తట్టింది. మిగతావాళ్ళకు తట్టలేదు, లేదా తట్టినా చేయి రాలేదు.

ఇదే కథ మన తెలుగు రంగస్థలం మీద కూడా నడిచింది. కాంట్రాక్టు నాటకాల కాలం గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పాండవోద్యోగ విజయాలు వేస్తున్నామని గోడలకు పోస్టర్లు అంటించేవారు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి రప్పించేవాడు. ఒకే రాత్రి ఒక అంకంలో ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకో కృష్ణుడు. రిహార్సలు ఉండేది కాదు. పద్యం వినడానికే జనం వచ్చేవారు, వన్స్ మోర్ కొట్టేవారు, తెల్లవారుజామున తృప్తిగా ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ పద్యాల వైభవాన్ని నేను తక్కువ చేయను. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడుగా నిలబడి పద్యం ఎత్తుకుంటే ఆ రాత్రికి వెలకట్టలేం. కానీ అదే తెలుగునేల మీద, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, తరతరాలుగా ఒకే కుటుంబాలవాళ్ళు కలిసి వేస్తూ వచ్చిన సురభి నాటకాలు కూడా ఉన్నాయి. మాయాబజార్‌లో మాయలు పండాలంటే తెర లాగేవాడు, తాడు వదిలేవాడు, పద్యం ముగించేవాడు ఒకే క్షణాన్ని పట్టుకోవాలి. అది ఒక రాత్రికి కుదుర్చుకున్నవాళ్ళతో అయ్యే పని కాదు. కాంట్రాక్టు నాటకం మనకు గొప్ప గొంతులను ఇచ్చింది. నాటకం మొత్తంగా నిలవాల్సిన చోట సురభి నిలబెట్టింది.

రెండింటి మధ్య ఒక దారి ఉంది. ఆ దారి సెడ్రాన్, ఫ్రీడ్‌మాన్‌లది. వాళ్ళు సురభిలా ఒకే గూటిలో ఉండలేదు. ఉండనిచ్చే గూడు ఆ కాలంలో లేదు. అయినా కాంట్రాక్టు నటుల్లా పూర్తిగా ఒంటరిగానూ తిరగలేదు. అయిదుగురిని కలిపి ఉంచే బలం తమకు లేదు కాబట్టి ఇద్దరైనా కలిసి ఉండగలిగినన్ని చోట్ల ఉన్నారు. ఆ రోజుల్లో ఒక మామూలు ఆటగాడి చేతిలో ఉన్న స్వేచ్ఛ అంతే. దాన్ని పూర్తిగా వాడుకున్నారు. అందుకే ఆ కాలపు వందలాది సంచార ఆటగాళ్ళ పేర్లు చెరిగిపోయినా ఈ ఇద్దరి పేర్లు నిలిచాయని నేను అంటాను. సెడ్రాన్ చేతి గురి గొప్పదే. అందులో సందేహం లేదు. కానీ ఒట్టి గురి 35 ఆటలు వరసగా గెలిపించదు.

మన దగ్గర ఇప్పుడు మళ్ళీ రాత్రికూలి రోజులు వచ్చాయి. ఆటల్లో ఒక్కటే కాదు. సినిమా సెట్టు మీద, పెళ్ళి బ్యాండులో, కంప్యూటరు పనుల్లో, ఇంటింటికీ సరుకు చేర్చే బండి మీద ఎక్కడ చూసినా ఇవాళ్టికింత, ఈ పనికింత. పిలిచేవాడు ఎప్పుడూ ఒక్క మనిషినే పిలుస్తాడు, ఇద్దరినీ కలిపి పిలవడు. విడిగా పిలిస్తే విడిగా బేరం ఆడవచ్చు. ఆ లెక్కలో పనివాడు నష్టపోవడం కొత్త సంగతి కాదు. పిలిచినవాడు కూడా నష్టపోతాడన్నది ఈ కథ చెబుతోంది. ఒక పాత తోడుతో కలిసి వచ్చినవాడు ఒక్కడై వచ్చినవాడికన్నా ఎక్కువ పని తెస్తాడు. ఆ ఎక్కువకు ఏ రసీదులోనూ గడి ఉండదు, అందుకే దానికి ధర కట్టరు.

సంక్రాంతికి ఊళ్ళలో వాలీబాల్, కబడ్డీ పోటీలు పెట్టే పెద్దమనుషులకు ఒక మనవి. పక్క జిల్లాల నుంచి ఆటగాళ్ళను మూడు రోజుల కిరాయికి తెచ్చి కప్పు గెలిపించడం మీకు తెలుసు. ఆ డబ్బులో సగం పెట్టి, మీ ఊరి కుర్రాళ్ళు ఏడాది పొడవునా కలిసి ఆడేలా ఒక శిక్షకుణ్ణి, ఒక చదునైన స్థలాన్ని చూడండి. మొదటి సంక్రాంతికి ఓడిపోవచ్చు. ఓడిపోనివ్వండి.

ఇక ఆటలోనో, పాటలోనో, మరే పనిలోనో రోజుకింత అని బేరానికి దిగే కుర్రాళ్ళకూ అమ్మాయిలకూ ఒక మాట. డబ్బు సంగతి గట్టిగానే మాట్లాడండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది తేలాక ఇంకొక్క ప్రశ్న అడగండి: నా తోటివాడికి కూడా చోటుందా అని. నాలుగు చోట్ల లేదంటారు. అయిదో చోట ఉందంటే, డబ్బు కాస్త తక్కువైనా అక్కడికే వెళ్ళండి.